పద్దు లేని నాలుగు సాళ్లు

ఊళ్లోకి వచ్చే తారురోడ్డు ఒకచోట మోకాలు వంచినట్టు తిరుగుతుంది. ఆ వంపులో రోడ్డు కాస్త వెడల్పు. రెండు కార్లు ఆగినా వెనకొచ్చే లారీ హారన్ కొట్టదు. కారు దిగిన మనిషి బూటుకు మట్టి అంటకుండానే పొలం గట్టెక్కవచ్చు. ఆ పొలం ఒక్క ఎకరం. దాని సొంతదారుని ఊళ్లో అందరూ మలుపు పిన్ని అంటారు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు.

వ్యవసాయ శాఖకు ఈ ఊరంటే ఆ ఎకరమే. కొత్త పద్ధతులను రైతులు కళ్లారా చూసి నేర్చుకోవాలని ఏటా కొంత డబ్బు మంజూరవుతుంది. దాంతో ఊళ్లో ఎవరిదో ఒక పొలంలో ప్రదర్శన క్షేత్రం వేయాలి. నిబంధనల్లో ఉన్నది అంతవరకే. కానీ చూడటానికి వచ్చే పెద్ద ఆఫీసర్లు కార్లలో వస్తారు, కారు మలుపు దగ్గరే ఆగుతుంది. అలా పదిహేనేళ్లకు పైగా ఆఫీసర్లు మారారు, పథకాల పేర్లు మారాయి, గట్టు మీది బోర్డుకు రంగులు మారాయి. ఎకరం మారలేదు.

ఒక ఏడాది డ్రిప్పు పైపులు పరిచారు. ఇంకో ఏడాది పురుగులు అంటుకునే పసుపు అట్టలు కట్టారు. పొలమంతా ఎవరో బట్టలుతికి ఆరేసినట్టు ఉండేది. ఒకసారి డ్రోన్ వచ్చి మందు కొట్టింది. గాలి వాటం చూసుకోలేదు కాబోలు, సగం మందు రోడ్డు మీద నిలబడి వింత చూస్తున్నవాళ్ల మీదే పడింది. ఆ సాయంత్రం ఊరు ఊరంతా దగ్గుతూ నవ్వుకుంది. స్ప్రేయర్లు వచ్చిన ఏడాదైతే, అవి వచ్చేసరికి చేను కోసేసి గింజలు కూడా అమ్మేశారు.

"ఇప్పుడెందుకు బాబూ ఇవి? పురుగు తినాల్సింది తినేసి వెళ్లిపోయిందిగా" అంది పిన్ని.

"బడ్జెట్ ఇప్పుడే వచ్చిందమ్మా" అన్నాడు అప్పటి ఆఫీసరు. "పురుక్కి ఆర్థిక సంవత్సరం ఉండదు. మాకుంటుంది. నెలాఖరులోగా ఖర్చు చూపించాలి."

పంట చేతికొచ్చే ముందు పొలం దగ్గర సభ జరుగుతుంది. సభ తేదీ ఆవిడకంటే ముందు టెంటు వేసేవాడికి తెలుస్తుంది. కుర్చీలు, బ్యానరు, చల్లటి నీళ్ల సీసాలు, మైకు. చివర్లో పిన్నిని పిలిచి రెండు ముక్కలు చెప్పమంటారు. "ఈ పద్ధతిలో దిగుబడి పెరిగింది, మీరందరూ కూడా పాటించండి" అని చెప్పేది. అందులో అబద్ధం లేదు. విత్తనం ఉచితం, ఎరువు ఉచితం, వారం వారం సిబ్బంది వచ్చి చూస్తారు, వాన వెనకాడితే శాఖవాళ్లే ట్యాంకరుతో నీళ్లు పోయిస్తారు. ఇంత సేవ చేస్తే ఏ పద్ధతైనా పండుతుంది. ఈ రెండో ముక్క మైకులో చెప్పేది కాదు. వినేవాళ్లకు అది చెప్పకుండానే తెలుసు. చప్పట్లు కొట్టి, మిగిలిన నీళ్ల సీసాలు చేతికందినన్ని పట్టుకుని ఇళ్లకు పోయి, తాతలనాటి పద్ధతిలోనే విత్తుకునేవారు.

పిన్నికి ఇదంతా బాగానే ఉండేది. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం లాక్కొస్తున్న మనిషి. కార్లు ఆగడం, ఆఫీసర్లు "అమ్మా" అని పిలవడం, పంట పోతుందన్న బెంగ లేకపోవడం ఎవరికి చేదు?

చేదు ఆవిడ మరిదికి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు రోడ్డు ఎకరం, దాని వెనక చిన్న మెరక చెక్క అన్నకు వచ్చాయి. ఇంకా లోపలికి, ఎడ్లబండి కూడా తంటాలు పడే బాట చివర ఉన్న పొలం తమ్ముడికి వచ్చింది. "మా వదిన వాటాకి రోడ్డొచ్చింది. రోడ్డుతో పాటు ప్రభుత్వం కూడా వచ్చింది" అని టీ కొట్టు దగ్గర అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది.

వరసగా రెండేళ్లు అతని మొక్కజొన్న పూత మీదుండగా వాన మొహం చాటేసింది. కంకులు పళ్లూడిన నోళ్లలా వచ్చాయి. అదను చూసి ఇటుకల బట్టీ ఆయన దిగాడు. పొలంలో పైమట్టి మనిషి నడుములోతు తవ్వుకుపోతానన్నాడు. ఒకేసారి డబ్బు. పొలం మాత్రం మరిదిదే.

"పొలమంటే మట్టే కదయ్యా" అంది పిన్ని ఆ మాట విన్న రోజు, మరిది ఇంటి అరుగు మీద కూర్చుని. "మట్టి పోయాక నీకు మిగిలేదేంటి, గొయ్యా?"

"గొయ్యిలో చేపలేస్తా. మీ ఆఫీసర్లు దానికి కూడా ఏదో పథకం పెట్టకపోతారా?"

"నవ్వులాట కాదు."

"నేనూ నవ్వట్లేదు వదినా. ఈ పంట వరకు గడువిమ్మన్నా, ఇచ్చాడు. ఇది కూడా పోతే తవ్వుకోమంటా. ఇంకెన్నాళ్లు ఆకాశం వంక చూడను?"

తోడికోడలు లోపల్నుంచి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, మొగుడికి కనబడకుండా పిన్ని వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆవిడకు ఆ బేరం ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

ఆ రోజే పిన్ని తన మెరక చెక్క సంగతి బయటపెట్టింది. కిందటేడు దుక్కి వేళకు ఆవిడ జ్వరంతో మంచాన పడింది. ట్రాక్టరు తన వంతు దాటి పోయింది. లేచేసరికి విత్తే అదను కూడా పోయేలా ఉంది. పోతే గింజలేగా పోయేవి అనుకుని, పాత పంట చొప్ప ఎలా పడి ఉన్నది అలాగే ఉంచి, దున్నని నేలలో గునపంతో బొక్కలు పొడిచి గింజలు వేసింది. తర్వాత వాన ఎగ్గొట్టింది. రోడ్డు ఎకరానికి ట్యాంకరు వచ్చింది. వెనక చెక్కను ఎవరు చూడొచ్చారు? ఎవరూ పట్టించుకోలేదు. అయినా చొప్ప తొలగించి వేలు పెడితే కింద నేల తడిగా ఉంది. చేను నిలబడింది.

మరిది అంతా విని వేళ్లు విరుచుకున్నాడు.

"మలుపు దగ్గర రాయి నాటినా మొలుస్తుందిలే వదినా."

"మలుపు దగ్గర కాదయ్యా, వెనక చెక్కలో అంటున్నా."

"ట్యాంకరు పైపు వెనక్కి అందదా?"

"అందుతుంది. కానీ పెట్టలేదు. నా మాట నమ్మవా?"

"ట్యాంకరు వచ్చిన రోజుల్లో వచ్చిందని మైకులో ఎప్పుడైనా చెప్పావా? లేదు కదా. ఇప్పుడు రాలేదంటున్నావు. ఏది నమ్మాలో నువ్వే చెప్పు."

పిన్ని గ్లాసు అరుగు మీద పెట్టి లేచింది. మరిది ఎగతాళికి అన్నాడా అంటే, కాదు. లెక్క ప్రకారమే అన్నాడు.

మర్నాడు వ్యవసాయ కార్యాలయానికి వెళ్లింది. ఒకటే గది. ఒక మూల ఎరువు బస్తాలు, వాటి మీదే ఒకరిద్దరు రైతులు కూర్చునే అలవాటు. ఇంకో మూల పాత పథకాల బ్యానర్లు చాపల్లా చుట్టి నిలబెట్టి ఉన్నాయి. కంప్యూటరు ముందు కుర్రాఫీసరు. వచ్చి ఏడాదైంది, ఇంకా మోటార్ సైకిల్ మీదే తిరుగుతాడు. పిన్ని చెప్పింది చెప్పినట్టు విన్నాడు. మధ్యలో కుర్చీ ముందుకు లాక్కున్నాడు కూడా.

"మేం కాలేజీలో చదువుకున్నదేనమ్మా ఇది. దున్నకుండా విత్తడం, నేల మీద చొప్ప కప్పడం. మంచి పద్ధతి."

"మంచిదైతే ఇన్నేళ్లూ ఒక్కరూ నోరెత్తి చెప్పలేదే?"

"ఇందులో ఖర్చేముంది చెప్పండి."

"ఏమీ లేదు. దుక్కి ఖర్చు కూడా మిగులుతుంది."

"అదే చిక్కు." కుర్రాఫీసరు కంప్యూటరు తెర ఆవిడ వైపు తిప్పాడు. "ప్రదర్శన క్షేత్రానికి పద్దులు ఇవీ. విత్తనం, ఎరువు, మందులు, పరికరాలు, బోర్డు, సభ. ఒక్కో పద్దు కింద ఏదో ఒకటి కొని బిల్లు పెట్టాలి. ఏమీ కొననక్కర్లేని పద్ధతికి నేను ఏ పద్దులో ఏం రాయను?"

"రాయకు. డబ్బు వెనక్కి పంపెయ్."

"పంపితే ఈ ఊరికి అవసరం లేదని వచ్చే ఏడాది కోసేస్తారు. పైగా ఖర్చు పెట్టలేని ఆఫీసరని నాకో నోటీసు. దొంగతనం చేసినవాడి కన్నా ముందు నన్ను పిలుస్తారు."

"పోనీ, ఆ కొనేవేవో కొని మా మరిది పొలంలో వెయ్యి."

"అక్కడికి కారు వెళ్తుందా?"

"ఎడ్లబండే సరిగ్గా వెళ్లదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వాగాక అతను గొంతు తగ్గించి అన్నాడు. "మీరు వేయండమ్మా. నేనొక్కణ్ణి బండి మీద వచ్చి చూసి వెళ్తాను. నా చేతిలో ఉన్నది అంతే."

తిరిగి నడిచి వస్తుంటే పిన్నికి ఒక సంగతి తట్టింది. ఆ ఎకరం మీద శాఖ ఇన్నేళ్లలో ఎంత పోసిందో ఆవిడకు తెలియదు. ఎంత పోసినా అదంతా జనాన్ని నమ్మించడానికే. తీరా నమ్మించాల్సినది ఒకటి చేతికి దొరికేసరికి, నమ్మేవాడు ఒక్కడూ మిగల్లేదు. శాఖ డబ్బుతో పాటు తన మాట కూడా ఖర్చైపోయింది. దానికి ఎవరూ బిల్లు పెట్టలేదు కాబట్టి ఆవిడకు ఇన్నాళ్లూ తెలియలేదు.

విత్తే రోజులొచ్చాయి. పిన్ని మళ్లీ మరిది అరుగెక్కింది.

"నీ పొలంలో నాలుగు సాళ్లు నాకు వదులు. నేనే వేస్తా."

"ఏ నాలుగు?"

"నీ ఇష్టం."

"పల్లం మూల ఇస్తా. ఆ చవుడులో గడ్డి కూడా మొలవనా వద్దా అని ఆలోచించుకుని మొలుస్తుంది."

"ఇవ్వు."

"గింజలు నా బస్తాలోవి. ఎరువు నేను వేసినంతే. బయటి నుంచి చుక్క నీరు తెచ్చినా ఆట కట్."

"సరే."

"నీ ఆఫీసరు అటు తొంగి చూడకూడదు."

అక్కడ మాత్రం పిన్ని తటపటాయించింది. ఈలోగా తోడికోడలు గుమ్మం దగ్గర నుంచే అందుకుంది. "వస్తే వస్తాడు, నీ పొలం కొరుక్కుతింటాడా? అక్క నాలుగు సాళ్లు అడిగితే పెళ్లి సంబంధం మాట్లాడినట్టు ఇన్ని షరతులేంటి? వదిలెయ్." మరిది వదిలేశాడు.

పల్లం మూలలో దున్నలేదు; పాత చొప్ప కదపకుండా పిన్ని గునపంతో పొడిచి గింజలు వేసింది. మిగతా పొలమంతా గొర్రు తోలి దువ్వెనతో దువ్వినట్టుంటే, ఆ నాలుగు సాళ్లు నిద్ర లేచిన తల మాదిరి చింపిరిగా ఉన్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి, "అక్కడ దుక్కి మర్చిపోయావా?" అని మరిదిని అడిగేవారు. అతను "మా వదిన ప్రయోగశాల" అనేవాడు. పిన్నికి కలుపు తలకు మించిన పనైంది. చవుడే అయినా, దున్నని నేలలో గడ్డి ముందే లేచింది. వంగి వంగి తీసింది. మరిదికి అది చూడటం వినోదం. తెల్లారకముందే లేచి వదిన దొంగచాటుగా నీళ్లు మోస్తుందేమోనని అటు వచ్చేవాడు. ఒకసారి గట్టు మీది కంది మొక్కల చాటున పిన్నికి దొరికిపోయాడు.

"ఏం చూస్తున్నావయ్యా?"

"ఏం లేదు. గాలికి తిరుగుతున్నా."

"గాలి ఇటువైపు బాగుంటుందా?"

"ఆ, పల్లం కదా" అని గంభీరంగా వెళ్లిపోయాడు.

పూత వేళకు మామూలుగానే వాన ఆగింది. రోజులు గడిచేకొద్దీ మరిది చేలో ఆకులు చుట్టుకుని గొట్టాల్లా నిలబడ్డాయి. పల్లం మూలలోవి కూడా మధ్యాహ్నానికి ముడుచుకునేవి, పొద్దు వాలాక మళ్లీ విచ్చుకునేవి. ఒకనాడు పిన్ని తన మెరక చెక్క నుంచి చూస్తుండగా మరిది ఆ సాళ్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి చొప్ప తొలగించి, నేలలోకి వేలు దింపాడు. తీసి ఆ వేలు వైపే చాలాసేపు చూశాడు. తర్వాత చొప్పను ఎలా ఉన్నదాన్ని అలా సర్ది లేచాడు. పిన్ని ఏమీ ఎరగనట్టు గడ్డి పీక్కుంటూ ఉండిపోయింది. ఆ సాయంత్రం మరిదీ ఏమీ అనలేదు. పైగా బట్టీ ఆయన పొలం కొలుచుకోవడానికి మనుషుల్ని పంపితే కాదనలేదు.

ఆ వారంలోనే రోడ్డు ఎకరం దగ్గర సభ పెట్టారు. ట్యాంకరు నీళ్లు తాగిన చేను ఏనుగుల గుంపులా ఉంది. జిల్లా నుంచి పెద్దాఫీసరు వచ్చాడు. టెంటు నిండా జనం, చివరి వరసలో చేతులు కట్టుకుని మరిది. పెద్దాఫీసరు ప్రసంగం అయ్యాక పిన్నికి మైకు ఇచ్చారు. ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఈ చేను బాగా పండింది. ఎందుకు పండిందంటే, విత్తనం శాఖవాళ్లిచ్చారు, ఎరువు శాఖవాళ్లిచ్చారు. వాన లేనప్పుడు ట్యాంకరు పెట్టి నీళ్లు పోయించారు. ఈ ఏడాదే కాదు, వాన ఎగ్గొట్టిన ప్రతి ఏడాదీ పోయించారు. ఆ నీళ్లు లేకపోతే ఇక్కడా మీ చేలల్లాగే ఉండేది."

కుర్రాఫీసరు చెప్పుల వైపు చూసుకున్నాడు. పెద్దాఫీసరు మాత్రం శాఖ సేవలను ఇంత విడమరిచి మెచ్చుకున్న రైతును ఇదివరకెప్పుడూ చూడలేదు. అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టాడు. దాంతో జనం కూడా కొట్టారు, నవ్వాపుకోలేక ఇంకా గట్టిగా కొట్టారు. చివరి వరసలో మరిది కట్టుకున్న చేతులు విప్పలేదు. కానీ నవ్వనూ లేదు.

కోతలయ్యాయి. నాలుగు సాళ్ల కంకులు విడిగా కుప్ప పోశారు. మరిది ఒకదాని పొట్టు ఒలిచాడు. పెద్ద కంకేమీ కాదు. కొనదాకా గింజ పట్టలేదు కూడా.

"ఇంతేనా వదినా?"

"ఇంతే."

"రోడ్డు పక్క కంకిలో సగం ఉంది."

"సగమే ఉంటుంది. పల్లం మూల, వాన లేదు, నీళ్లు లేవు. ఇంకెంత వస్తుంది?"

అతను తన చేలో కంకి ఒకటి తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. అందులో అక్కడక్కడ గింజ, మిగతాదంతా బెండు. రెండూ చేతుల్లో తూచాడు. మళ్లీ తూచాడు. పిన్ని కళ్లారా చూసిన మార్పు అప్పుడే వచ్చింది అతని మొహంలో. ఏనుగులాంటి కంకి చూపించి ఉంటే ఏ ట్యాంకరో, ఏ మంత్రమో అని చేతులు దులుపుకునేవాడు. ఇంత తక్కువ పండింది కాబట్టి నమ్మాడు. ఇంత తక్కువని ఒప్పుకోవడానికి శాఖ బోర్డు ఎప్పుడూ సిద్ధపడలేదు మరి.

"మంచి మూలలో వేసుంటే ఇంకొంచెం వచ్చేదేమో" అన్నాడు, తనలో తను.

"మొదట్లోనే నీ ఇష్టమన్నాను, నువ్వే పల్లం ఇచ్చావు" అంది పిన్ని. తోడికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

బట్టీ ఆయన వచ్చినప్పుడు మరిది అరుగు దిగి ఎదురెళ్లాడు.

"ఈ ఏడాదికి వద్దు."

"రేటు చాలలేదా? పెంచమంటావా?"

"పెంచకు. పెంచితే మాట మారుస్తానేమో."

కుర్రాఫీసరు అన్నట్టే ఒక ఆదివారం మోటార్ సైకిల్ మీద వచ్చాడు. బాట మొదట్లో బండి ఆపి, గతుకుల్లో నడిచి ఆ మూలకు వెళ్లాడు. కోసిన కొయ్యకాళ్లూ, వాటి కింద కుళ్లుతున్న చొప్పా చూశాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"ఫొటో తీస్తే పైవాళ్లకు చూపిస్తానమ్మా. వాళ్లలో ఒకరైనా పద్దు కల్పిస్తారేమో."

"కల్పిస్తే మా మరిది ఇక్కడికి కారు వచ్చేలా రోడ్డు అడుగుతాడు. ఆ తర్వాత ట్యాంకరు వస్తుంది" అంది పిన్ని. "కొన్నాళ్లు చూడనట్టే ఉండు బాబూ. ఇప్పటికి దీనికి నువ్వు చేయగలిగిన సాయం అదే."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. అయిష్టంగానే పెట్టుకున్నాడు. మంచి పని ఒకటి కనబడితే పైకి రాయకుండా ఉండటం అతనికి ఇంకా అలవాటు కాలేదు.

మరుసటి సీజనుకు మరిది సగం పొలం దున్నలేదు. మిగతా సగం దున్నాడు. నమ్మకముంటే భయముండదని ఏముంది? టీ కొట్టు దగ్గర అతన్ని చుట్టూ చేరి ఆడుకున్నారు.

"ఏంటయ్యా, ట్రాక్టరుకు పెట్టే డబ్బులు కూడా లేవా?"

"ఉన్నాయి. పెట్టదల్చుకోలేదు."

"ఎవరు చెప్పారు నీకీ తెలివి? మీ వదినా? శాఖవాళ్లా?"

"నాకెవరు చెప్తారు?" అన్నాడు మరిది గ్లాసు కింద పెట్టి. "నాకే తోచింది. నా పల్లం మూలలో వేసి చూశా. తక్కువే వచ్చింది, కానీ వచ్చింది."

కొట్టు వెనక బకెట్లో నీళ్లు పట్టుకుంటున్న పిన్ని ఆ మాట వింది. చెంప మీద చిన్నగా చరిచినట్టే అనిపించింది. ముందుకెళ్లి నాలుగు కడిగేద్దామనుకుంది. ఇంతలో ఒకతను, ఎప్పుడూ సభల్లో మొదటి వరసలో కూర్చుని మొదటి నీళ్ల సీసా అందుకునేవాడు, బల్ల మీద ముందుకు జరిగి అడిగాడు: "కలుపెలా తీశావ్? గింజ ఎంత లోతులో పెట్టావ్?" ఇన్నేళ్లలో అతను ఏ సభలోనూ నోరు తెరిచి ప్రశ్న అడగలేదు. పిన్ని బకెట్ ఎత్తుకుని అటు నుంచి అటే ఇంటికెళ్లిపోయింది.

ఆ వారంలో ఆ మొదటి వరస మనిషే మలుపు దగ్గరికి వచ్చాడు. రోడ్డు ఎకరంలో ఆ ఏడాది కొత్త పథకం పైపులు దింపుతున్నారు. అతను వాటి మీదుగా కాలు దాటించి వచ్చి నిలబడ్డాడు.

"పిన్నీ, ఆ దున్నని సేద్యం సంగతి నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు?" అంది పిన్ని. "ఆ వెనక బాట పట్టుకుని వెళ్లు. మా మరిది ఉంటాడు. ఆయన్నడుగు."